మోగించి కొన్న కొమ్ములు

ఆ కాలంలో మా మార్కాపురంలో దేన్నయినా నమ్మాలంటే ముందు దాన్ని ఒక దెబ్బ కొట్టి చూడాలి. పలకల ఊరు కదా మరి. గనిలోంచి వచ్చిన రాయిని పలుచగా చీల్చాక, ఆ పలకను వేళ్ల కొసల మీద నిలబెట్టి, రెండో చేతి మెటికతో ఒక్కటి తడతారు. ఖంగుమంటే మంచి రాయి. డబ్బుమంటే లోపల ఎక్కడో కంటికి కనపడని పగులుందన్నమాట, తీసి పక్కన పారేయాల్సిందే. ఈ విద్య మావాళ్లకు ఎంతగా ఒంటబట్టిందంటే, రాయి దగ్గర మొదలైన అలవాటు రాయి దగ్గర ఆగేది కాదు. కుండ కొన్నా, కొబ్బరికాయ కొన్నా, కొత్తగా తలుపు చేయించినా తట్టి వినాల్సిందే. (మా అన్నకు కాలు విరిగి కట్టు వేస్తే, చూడడానికి వచ్చిన మా పెదనాయన ఆ కట్టును కూడా మెటికతో తట్టి, చెవి ఆనించి విని, "డాక్టరు సరిగ్గా ఎయ్యలా" అని తేల్చేసి కాఫీ తాగి వెళ్లిపోయాడు. కాలు శుభ్రంగా అతుక్కుంది. అన్న మాత్రం ఈ రోజుకీ ఆ కాలు మీద పూర్తిగా బరువు వేయడు.)

ఈ పెదనాయన మా నాయనకు సొంత అన్న. ఊరి బయట ఆయనకు ఒక పలకల షెడ్డు ఉండేది. మనిషి గుమ్మానికి అడ్డంగా నిలబడితే గదిలో చీకటి పడేంత భారీ మనిషి. ఆ శరీరం నిండా ఉన్నది అనుమానమే. టీకొట్లో గ్లాసును తట్టకుండా టీ తాగేవాడు కాదు. బస్సు కండక్టరు "సీట్లున్నాయి, ఎక్కండి" అంటే, అంత గట్టిగా పిలుస్తున్నాడంటే లోపల ఏదో లోపముందని తర్వాతి బస్సుకు ఆగేవాడు. అంతెందుకు, ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉన్న మమ్మల్ని తీసి కొత్తగా ప్రకాశం జిల్లాలో కలిపి అప్పటికే చాలా ఏళ్లయిందా, పెదనాయన ఆ సంగతిని కూడా పూర్తిగా నమ్మలేదు. "ఇప్పుడైతే ఒంగోలంటాండారు, చూద్దాం" అనేవాడు.

అట్లాంటి మనిషి దగ్గర నేను పనికి చేరాను. బి.కాం. పాసై ఇంట్లో కూర్చుంటే, నాయన బి.ఇడి. చేయమని వెంటపడ్డాడు. బళ్లో పిల్లలకు పాఠాలు చెప్పే ఓపిక నాకు ఆ రోజుల్లో లేదు, ఈ రోజుకీ రాలేదు. నాకు షెడ్డు ఇష్టం. రంపం కింద నీళ్లు చిమ్ముతూ రాయి తెగే చప్పుడు, తడిసిన పలక వాసన, ఆడవాళ్లు వరుసగా కూర్చొని అంచులు చెక్కుతూ చెప్పుకొనే ఊసులు, అన్నీ ఇష్టం. పెదనాయన కాళ్లావేళ్లా పడి పనిలో చేరాను. నాకు ఇచ్చిన పని లోడింగు చూసుకోవడం. మిగతా రోజుల్లో బేస్తవారిపేట దగ్గర మా బత్తాయి తోటలో తిరిగే చిన్న ట్రాక్టరును షెడ్డుకు తెప్పించుకొని, దాని ముందు రెండు ఇనప చేతులకు తగిలించిన బొచ్చెతో రాతిముక్కలు ఎత్తిపోయడం కూడా నా పనే. ఆడపిల్ల చేతికి ట్రాక్టరు ఇచ్చాడని పెదనాయనను ఊళ్లో కొందరు మెచ్చుకున్నారు. విశాల హృదయం ఏమీ లేదు అందులో. డ్రైవర్లు డీజిలు అమ్ముకుంటారని ఆయన అనుమానం. "ఇంటి పిల్లయితే యాడికని అమ్ముకోను పోతాది?" అన్నాడు.

షెడ్డుకు ఒక పెద్ద తలనొప్పి ఉండేది. రాసుకొనే పలకల కాలం వెనకబడి, మా రాయి గోడలకు అతికించే బిళ్లలుగా మారి, చెక్కపెట్టెల్లో సర్దుకొని, మద్రాసు రేవులో ఓడెక్కి పోతున్న రోజులవి. నిండిన పెట్టెను హమాలీలు ఇనప గొట్టాల మీద దొర్లించుకుంటూ లారీ దాకా తెచ్చి, వాలుగా వేసిన దుంగల మీద "హైస్సా" అంటూ పైకి నెట్టేవాళ్లు. అట్లా నెట్టేటప్పుడు ప్రతి లోడులో ఏదో ఒక పెట్టె జారి మూల మీద పడేది. లోపల బిళ్లలు పగిలేవి. హమాలీలే కావాలని పడేస్తున్నారని పెదనాయన అనుమానం. రాయే నాసిరకమని హమాలీల మేస్త్రి అనుమానం. (ఊరందరికీ ఆయన మేస్త్రి మామే, నాకూ అంతే.) పగిలిన రాళ్లను తెలిసే సర్ది పంపుతున్నామని మద్రాసు బేరగాడి అనుమానం. ఆఖరికి ఆ బేరగాడు, వచ్చే లోడుకు తన మనిషిని పంపుతాననీ, ఆయన కళ్ల ముందు ఒక్క పెట్టె పడినా ఇక బేరమే వద్దనీ కబురు పెట్టాడు.

అప్పుడే నేను నోరు జారాను. ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకం చివరి పేజీలో ఒక బొమ్మ ఉంది. బొచ్చె తీసేసి, దాని చోట రెండు పొడుగాటి ఇనప కడ్డీలు ముందుకు చాచినట్టు తగిలిస్తారు. ఫోర్కులంటారు. చెక్కపెట్టె అడుగున సందు ఉంటే చాలు, అవి అందులోకి దూరి పెట్టెను అట్లానే లేపి లారీలో పెట్టేస్తాయి. దొర్లించడం లేదు, నెట్టడం లేదు, "హైస్సా" లేదు. బొమ్మ తీసుకెళ్లి పెదనాయన ముందు పెట్టాను. ఆయన పుస్తకాన్ని దూరంగా పట్టుకొని, దగ్గరగా పట్టుకొని చూశాడు. పేజీని కూడా ఒకసారి తట్టాడు.

"ఏంది మ్మే ఇది, ట్రాక్టరుకు కొమ్ములు మొలిచినాయి?"

"పెట్టెలు ఎత్తేదానికి పెదనాయనా. ఒక్కటి కూడా పడదు."

"పడదని ఎవరు చెప్పినారు? కొమ్ములు అమ్మేటోడు చెప్పినాడా?"

రెండు రోజులు బతిమాలాక ఒప్పుకున్నాడు గానీ, ఆ ఒప్పుకోవడం వినండి. "సరే. ఈ లోడు నీ కొమ్ములతోనే ఎత్తుదాం. ఒక్క పెట్టె పగిలినా కొమ్ములు పాత ఇనుముకు పోతాయి, నువ్వు బి.ఇడి.కి పోతావు." నాయన అక్కడే ఉన్నాడు. ఆయన ముఖం వెలిగిపోవడం నా కళ్లారా చూశాను. పెట్టె పగలాలని ఆయన ఏ దేవుడికైనా మొక్కుకున్నాడేమోనని నాకు గట్టి అనుమానం.

కొమ్ములు కొనడానికి పొదిలి మీదుగా ఒంగోలుకు బస్సులో పోయాం. వ్యవసాయ పనిముట్ల దుకాణం. పెదనాయన గుమ్మంలోనే ఆగి, "ఒంగోలోళ్లు ఎద్దుల్ని తప్ప ఇంకేదీ సరిగ్గా తయారుచెయ్యలేరు" అని నా చెవిలో ఊదాడు. (ఆయన ఊదితే వీధి చివరకు వినపడుతుంది.) దుకాణంలో మా ట్రాక్టరుకు పట్టే ఫోర్కులు రెండు రకాలున్నాయి. ఒక జత పొట్టివి, తేలిగ్గా ఉన్నాయి, నేల మీద గోనెసంచుల పైన పడుకోబెట్టి ఉన్నాయి. ఇంకో జత పొడుగువి, మందమైనవి, దూలానికి గొలుసులతో వేలాడుతున్నాయి. నేను పుస్తకం ఒంటబట్టించుకొని వెళ్లినదాన్ని. పొట్టివే తీసుకుందామన్నాను. మన ట్రాక్టరు చిన్నది, అది మోయగలిగిన బరువులోంచి ఫోర్కుల బరువు పోగా మిగిలిందే పెట్టెకు దక్కుతుంది, అందుకని ఫోర్కులు తేలిగ్గా ఉండాలి, పైగా మన పెట్టె లోతుకు ఆ పొడుగు చాలు అని, నేర్చుకున్నదంతా ఒక్క ఊపిరిలో అప్పజెప్పాను.

"లోకంలో ఎవడన్నా పొట్టి కొమ్ముల ఎద్దును కొంటాడా మ్మే?" అన్నాడు పెదనాయన.

దుకాణదారు నవ్వి, "ఒంగోలు ఎద్దుకు కొమ్ములు పొట్టివేనండీ బాబాయ్‌గారూ" అన్నాడు. అనకపోయినా బాగుండేది. అడక్కుండా పొట్టివాటిని పొగిడాడంటే అవి అమ్ముడుపోక మూలుగుతున్నాయన్నమాట అని పెదనాయన కళ్లు చిన్నవయ్యాయి. వెంటనే వంగి, గోనెసంచి మీదున్న పొట్టి ఫోర్కును మెటికతో తట్టాడు. డబ్. లేచి, గొలుసుకు వేలాడుతున్న పొడుగు ఫోర్కును తట్టాడు. ఖంగ్... మని ఆ మోత దుకాణమంతా తిరిగి, వీధిలోకి పోయి, మళ్లీ వెనక్కి వచ్చింది. పెదనాయన కళ్లు మూసుకొని ఆ మోత పూర్తిగా ఆగేదాకా విన్నాడు. గోనెసంచి మీద పడుకున్నది ఏదైనా మూగదేననీ, వేలాడేది ఏదైనా మోగుతుందనీ చెప్పాల్సిన దాన్ని నేను. చెప్పడానికి నోరు కూడా తెరిచాను. కానీ నేనూ పలకల ఇంటి పిల్లనే కదా! అంత చక్కగా మోగిన వస్తువును వద్దనడానికి నాలుక రాలేదు. ఇంకోసారి నేను కూడా తట్టి చూశాను. ఆహా, ఏమి మోత! ఆ కొమ్ములు మా వెంట బస్సు టాపు మీద మార్కాపురానికి వచ్చేశాయి.

మర్నాడే షెడ్డులో పరీక్ష. కొబ్బరికాయ కొట్టారు. (కొట్టే ముందు తట్టారని వేరే చెప్పాలా?) అంచులు చెక్కే ఆడవాళ్లు పని ఆపి నిలబడ్డారు. మేస్త్రి మామ తన మనుషులతో గోడ నీడలో చేతులు కట్టుకొని కూర్చున్నాడు. నేను చున్నీ నడుముకు బిగించి సీటెక్కాను. కొమ్ములు నేలకు సమంగా దించి, పెట్టె అడుగున సందులోకి నెమ్మదిగా పోనిచ్చాను. అంతా పుస్తకంలో చెప్పినట్టే. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ ఉండగా వెనకాల ఎక్కడో ఠప్పుమంది. కొమ్ముల పొడుగు మా పెట్టెను దాటి అవతలికి పోయి, దాని వెనకున్న ఇంకో పెట్టెను పొడిచేసింది! పెదనాయన చెవి వెంటనే పట్టేసింది. "డబ్బనింది! డబ్బనింది!" అని పరుగెత్తుకొచ్చాడు. లోపల బిళ్లలు పగిలాయి. లోడు రోజు కాదు కాబట్టి ఇది లెక్కలోకి రాదని ఆయనతో వాదించి గెలిచేసరికి నా గొంతు పోయింది.

సరే, కొసలు అవతలికి పొడుచుకు రాకూడదంటే కొమ్ముల్ని సగమే దూర్చాలి. సగమే దూర్చి ఎత్తాను. పెట్టె కొమ్ముల చివర ఉండిపోయింది, అంటే ట్రాక్టరుకు అల్లంత దూరాన. చేత్తో నిండు బిందెను ఒంటికి ఆనించుకొని మోయడానికీ, చెయ్యి చాచి మోయడానికీ ఎంత తేడా ఉంటుందో ఇంట్లో నీళ్లు మోసిన ఎవరికైనా తెలుసు. నేను మీట లాగాను. పెట్టె లేవలేదు. నేనే లేచాను. వెనక చక్రాలు నేల విడిచి గాలిలోకి పోయాయి, నా ముఖం నేల వైపు తిరిగింది, ఆడవాళ్లు "ఓయమ్మా!" అని అరిచారు. మీట వదిలితే ట్రాక్టరు ధబ్బున కింద కూలబడింది. నా పళ్లు కటకటలాడాయి.

ఆ తర్వాత రెండు రోజులూ షెడ్డులో రాయి కోయడం తక్కువ, అనుమానించడం ఎక్కువ. పెదనాయన డీజిలు టాంకీ మూత తీసి వాసన చూశాడు, అందులో కిరోసిన్ కలిసిందేమోనని. పెట్టె మూత ఊడదీయించి చూశాడు, మేస్త్రి మామ అడుగున ఇంకేమైనా బరువు దాచాడేమోనని. ట్రాక్టరు చక్రాలను ఒక్కొక్కటే తట్టాడు. రబ్బరు మోగదు కాబట్టి వాటి మీద ఆయన అనుమానం ఎప్పటికీ తీరలేదు. నా అనుమానం మాత్రం మేస్త్రి మామ మీదే. నేను గాలిలోకి లేచినప్పుడు ఆయన మీసం కింద నవ్వడం చూశాను. పని పోతుందన్న మంటతో బోల్టులు వదులు చేసి ఉంటాడు, లేకపోతే ఆ నవ్వెందుకు? ఒక మధ్యాహ్నం, అన్నాల వేళ, పలకల దొంతుల చాటున నక్కి కాపలా కాశాను. మామా, ఆయన మనుషులూ ట్రాక్టరు చుట్టూ చేరారు. మామ సీటు ఎక్కాడు. దొరికాడురా అనుకొని ఊపిరి బిగబట్టాను. ఆయన తలగుడ్డ తీసి నడుముకు చున్నీలాగా బిగించి, నాలుక కొంచెం బయటపెట్టి, మీట లాగినట్టు చెయ్యి ఆడించి, "ఓయమ్మా!" అని ముందుకు తూలాడు. జనం పొట్టలు పట్టుకొని నవ్వారు. బండి నడిపేటప్పుడు నేను నాలుక బయటపెడతానన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

కోపం దిగాక పుస్తకం మళ్లీ మొదటి నుంచీ చదివాను. బొమ్మ ఉన్న పేజీకి ముందు పేజీలోనే ఉంది మందు. ముందు బరువు ఎత్తాలంటే వెనక బరువు ఉండాలట. ట్రాక్టరు వెనక నాగలి తగిలించే ఇనప చేతులకు ఒక ఇనప తొట్టి కట్టి, దాని నిండా ఇసుకో రాళ్లో నింపాలట. పరుగెత్తుకొని పోయి పెదనాయనకు చెప్పాను. పొట్టి కొమ్ములు తెచ్చుకుందామని కూడా అన్నాను.

"ఇంత బాగా మోగే ఇనుమును ఇచ్చేసి మూగ ఇనుము తెచ్చుకుంటామా?" అన్నాడు. "ఇంగ తొట్టి సంగతంటావా, వానికి అదే కావాల. ముందు ముందరిది అమ్ముతాడు, ఆనక ఎనకది అమ్ముతాడు, ఆ ఎనక పక్కలకు ఏందో ఒకటి తగిలిస్తాడు. ఒంగోలోళ్ల గురించి నాకు తెలీదా?"

"పోనీ తొట్టి వద్దు. రాతిముక్కలు గోనెసంచుల్లో పోసి కట్టుకుంటా."

"రాళ్లు కట్టుకోని బండి లోపలికీ బయటికీ తిరగతా ఉంటే, అందులో పనికిరాని రాయి ఎంతో, పనికొచ్చే రాయి ఎంతో ఎవురు జూసొచ్చినారు?"

రాళ్ల షెడ్డులో రాళ్లు కరువైన పుణ్యాత్మురాలిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఇక మిగిలింది మనుషులు. సిగ్గు విడిచి మేస్త్రి మామ దగ్గరికే పోయాను. వెనక ఇనప చేతుల మీద ఒక బలమైన చెక్క అడ్డంగా కట్టిస్తాను, మీవాళ్లు నలుగురు దాని మీద కూర్చుంటే చాలు, పని ఏమీ లేదు అన్నాను. (ఇప్పుడెవరైనా అట్లా కూర్చుంటే నేనే నాలుగు తిట్టి దింపేస్తాను. అప్పట్లో మా అందరికీ తెలివి కంటే ధైర్యం ఎక్కువ.)

మామ నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "ఇదేందో తిరకాసుండాది పాపా. ఊరికే కూచోమంటాండావు. రేపు మీ పెదనాయన వచ్చి, ఈళ్లు కూచోని తింటాండారు, ఈళ్లెందుకు మనకు అంటే?"

"అనడు మామా. నాది పూచీ."

"నీకే పూచీ లేదంట గదా, పెట్టె పగిల్తే బడిపంతులమ్మవంట."

అయినా కూర్చున్నారు. మేమిద్దరం ఒకరినొకరు నమ్మి కాదు, ఎవరు ముందు మోసం చేస్తారో దగ్గరుండి చూద్దామని. నలుగురు వెనకెక్కగానే ట్రాక్టరు బుద్ధిమంతురాలైపోయింది. పెట్టె లేచింది, కదిలింది, దిగింది. నేను ఆనందంతో కేక వేశాను. సరిగ్గా అప్పుడే పెదనాయన వచ్చి చూశాడు. మనుషుల శ్రమ తగ్గించడానికి కొన్న బండి మీద ఆ మనుషులే ఎక్కి బీడీలు కాల్చుకుంటూ ఊరేగుతున్నారు! ఆ దృశ్యం ఆయన మనసులో ఏయే తలుపులు తెరిచిందో ఆ నిమిషంలో ఏమీ అనలేదు. అనకపోవడమే ప్రమాదమని నాకు తెలిసి ఉండాలి.

లోడు రోజు వచ్చింది. పొద్దున్నే లారీ వచ్చి నిలబడింది. మద్రాసు మనిషి ఇస్త్రీ చొక్కాతో కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ తెచ్చింది నాయన. పనిగట్టుకొని చూడడానికి వచ్చాడు. ఆయన జేబులోంచి బి.ఇడి. దరఖాస్తు మూల కనిపిస్తూనే ఉంది. నేను సీటెక్కి ఇంజను మొదలుపెట్టి, హమాలీల కోసం వెనక్కి చూస్తే, చెక్క ఖాళీగా ఉంది. మేస్త్రి మామ ఎప్పటిలాగానే గోడ నీడలో కూర్చొని ఉన్నాడు, మనుషులందరితో.

"రాండి మామా, ఎక్కండి."

"ఎక్కం పాపా." మామ గొంతు మామూలుగా లేదు. "పొద్దన మీ పెదనాయన ఏమన్నాడో అడుగు. ఆ ఒంగోలు దుకాణమోడూ మేమూ ఒకటంట. మా కూలి నిలబెట్టుకునేదానికి, ఎనక మనుసులు కూచుంటేనే లేసే బండిని మేమే సూసి కొనిపిచ్చినామంట. నేను ఒంగోలు మొగం జూసి ఎన్నేండ్లయిందో! రాయి దొర్లిచ్చమను, దొర్లిస్తాం. మాట పడి మాత్రం కూచోం."

నేను పెదనాయన వైపు చూశాను. ఆయన లారీ టైరు వైపు చూశాడు. కోపంతో నాకు ఏడుపొచ్చింది. "ఊర్లో ఇంక ఎవరన్నా మిగిలినారా పెదనాయనా, నువ్వు అనుమానించాల్సినోళ్లు?" అని అందరి ముందూ అరిచేశాను. జన్మలో ఆయన మీద గొంతు లేపడం అదే మొదలు. మద్రాసు మనిషి గడియారం చూసుకున్నాడు. నేను మొండిగా కొమ్ముల్ని మొదటి పెట్టె కిందికి పోనిచ్చి మీట లాగాను. వెనక చక్రాలు లేచాయి. దించాను. మళ్లీ లాగాను. మళ్లీ లేచాయి. నాయన చెయ్యి జేబు వైపు పోవడం కూడా నాకు కనపడింది.

అప్పుడు పెదనాయన చెప్పులు విడిచాడు. పంచె ఎగగట్టాడు. ట్రాక్టరు వెనక్కి నడిచి, చక్రం మీద చెయ్యి వేసి, ఒక్క మూలుగు మూలిగి ఆ చెక్క మీదికి ఎక్కి కూర్చున్నాడు. నలుగురు కూర్చునే చెక్క ఆయన ఒక్కడితో నిండిపోయింది. ఆ చెక్క మీద కూర్చుంటే ముఖం వెనక్కే ఉంటుంది. ముందు పెట్టె కనపడదు, కొమ్ములు కనపడవు, లారీ కనపడదు, నేను కనపడను. టీ గ్లాసును కూడా తట్టకుండా నమ్మని మనిషి, తన షెడ్డు పరువంతా వీపు వెనక పెట్టుకొని, ఎదురుగా ఉన్న ఖాళీ గోడను చూస్తూ కూర్చున్నాడు.

"పోనీ మ్మే" అన్నాడు.

మీట లాగాను. వెనక చక్రాలు మేకు కొట్టినట్టు నేలను పట్టుకున్నాయి. పెట్టె లేచింది. నాలుక ఎక్కడుందో నాకు తెలియదు. పెట్టె లారీ అంచుకు చేరేసరికి ఎంత ఎత్తుందో నాకు సీటులోంచి అంచనా దొరకలేదు. ఆగిపోయాను. "ఇంగ జానెడు లేపు పాపా" అని గొంతు వినపడింది. మేస్త్రి మామ. ఎప్పుడు లేచాడో, లారీ మీదికి ఎక్కి నిలబడి చేత్తో సైగ చేస్తున్నాడు. "లేపు, లేపు, సాలు. ఇప్పుడు ముందరికి రా. నిదానం. దించు." పెట్టె ఆనింది. పెదనాయన వెనక నుంచి, తల తిప్పకుండానే అడిగాడు.

"మేస్త్రీ, ఆనిందా?"

"ఆనింది రెడ్డీ."

"మూల తగల్లేదు గదా?"

"తగిలితే నీ సెవికి యినపడదా?" అన్నాడు మామ. షెడ్డంతా నవ్వింది. పెదనాయన వీపు కూడా రెండుసార్లు కదిలింది.

అట్లా చివరి పెట్టె దాకా ఆయన ఆ చెక్క దిగలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. అంచులు చెక్కే అక్క ఒకామె గ్లాసుతో మజ్జిగ ఇస్తే, తట్టకుండా తాగేశాడు. (నేను చూడలేదు, ఆమె ఒట్టేసి చెప్పింది. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కొంచెం అనుమానమే.) మద్రాసు మనిషి తనకు తోచిన పెట్టెలు రెండు మూతలు తీయించి చూసి, తలాడించి, సంతకం పెట్టి లారీ ఎక్కాడు. ఒక్క బిళ్ల పగల్లేదు. నాయన కుర్చీ మడిచి చంకన పెట్టుకొని, నాకు చెప్పకుండానే ఇంటికి వెళ్లిపోయాడు.

పెదనాయన దిగడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. కాళ్లు తిమ్మిరెక్కాయి. ముందు మేస్త్రి మామ దగ్గరికి పోయి నిలబడ్డాడు. క్షమించమనే మాట ఆయన నోట ఎట్లా పలకాలో తెలియక, "బీడీ ఉందా?" అన్నాడు. ఆయన బీడీ తాగడని ఊరందరికీ తెలుసు. మామ బీడీ కట్ట తీసి ఇచ్చాడు. ఒకటి తీసుకొని చెవి సందులో పెట్టుకొని, కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. నేనింకా సీటు మీదే ఉన్నాను, దిగితే తిడతాడని. పొద్దున అరిచింది గుర్తుంది కదా. ఆయన చెయ్యెత్తాడు. నేను కళ్లు మూసుకున్నాను. నడినెత్తిన మెటికతో టక్కున ఒక్కటి తట్టాడు. ఆనక తల వంచి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

"బాగానే మోగతాంది" అన్నాడు. "రేపు పెందరాళే రా."

ఆ తర్వాత నెలలోనే మళ్లీ ఒంగోలు పోయి పొట్టి కొమ్ములు తెచ్చుకున్నాం. దుకాణంలో పెదనాయన చేతులు రెండూ వెనక్కి కట్టుకొని, పెదవులు బిగించి నిలబడ్డాడు. మెటికలు ఎంత దురద పెట్టి ఉంటాయో! ఇనప తొట్టి కూడా ఆయనే అడిగి తీసుకున్నాడు, అదీ వెనక అట్లా కూర్చున్నాక మూడు రోజులు నడుము లేవకపోవడం వల్ల. పొడుగు కొమ్మును ఒకదాన్ని షెడ్డు దూలానికి వేలాడదీశాం. అన్నాల వేళ దాన్ని సుత్తితో ఒక్కటి కొడితే రైలుకట్ట దాకా వినపడుతుంది. ఆయన మాట అబద్ధం కాదు, అంత బాగా మోగే ఇనుము మార్కాపురంలో ఇంకోటి లేదు.

పెదనాయన పోయి చాలా కాలమైంది. మేస్త్రి మామ కూడా లేడు. షెడ్డు ఇప్పుడు నేను చూసుకుంటున్నాను, బి.ఇడి. చేయని పంతులమ్మలాగా అందరినీ అదిలిస్తూ. ట్రాక్టరు మారింది, కొమ్ములు మారాయి. తొట్టి మాత్రం అదే. దాని నిండా మా పనికిరాని రాతిముక్కలే పోశాం. షెడ్డులో దాన్ని తొట్టి అని ఎవరూ అనరు. దాని పేరు పెదనాయన. ఆయన ముఖం కూడా చూడని కొత్త పిల్లలు సైతం అట్లానే అంటారు. లోడు రోజున నేను గుమ్మంలోంచి "పెదనాయన్ని తగిలించినారా?" అని కేకేస్తే, "తగిలించినామక్కా!" అని జవాబొస్తుంది. వాళ్ల మాట నమ్మొచ్చు, మంచి పిల్లలే. అయినా నేను వెనక్కి నడిచి పోయి, మెటికతో దాన్ని ఒక్కటి తట్టి, చెవి పెట్టి వింటాను. నిండా రాళ్లున్న తొట్టి మోగదు, ఆ సంగతి నాకూ తెలుసు. కాసేపు విని, "పోనీ" అంటాను.